ఇంటర్వ్యూలు పూర్తయ్యాక అసలు పని: గుణాత్మక విశ్లేషణ నేర్చుకోవడం గురించి

అంకెలతో కాక మనుషుల మాటలతో, అనుభవాలతో పని చేసే గుణాత్మక పరిశోధన నేర్చుకుంటున్నవారిలో చాలామంది ఇంటర్వ్యూలు చక్కగా చేస్తారు, వాటిని ఓపికగా కాగితం మీదికి ఎక్కిస్తారు, ఆ తర్వాత వందల పేజీల ట్రాన్స్‌క్రిప్టులను ముందు పెట్టుకుని ఏం చేయాలో తోచక ఆగిపోతారు. ప్రశ్నల తయారీ గురించీ, ఎవరిని ఎంచుకోవాలన్న దాని గురించీ, అంగీకార పత్రాల గురించీ వివరంగా చెప్పేవారు కూడా విశ్లేషణ దగ్గరికి వచ్చేసరికి ‘కోడింగ్ చేసి థీమ్‌లు తీయండి’ అని సరిపెట్టడం నేను తరచూ చూశాను. ఆ ఒక్క మాట వెనక ఎంత పని ఉందో నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నాను. కోడింగ్ అంటే జవాబులోని ఒక్కో భాగం పక్కన దాని అర్థాన్ని సూచించే చిన్న పేరు, అంటే కోడ్, రాయడం. థీమ్ అంటే అలాంటి కోడ్‌లను కలిపి చూసి మనం చెప్పే వాదన.

ఉదాహరణ కోసం నేను కల్పించిన ఒక జవాబు తీసుకుందాం. మంచం పట్టిన తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం వదులుకున్న ఒకామె ఇలా అన్నదనుకోండి: “నేను ఉద్యోగం మానెయ్యలేదండీ, కొన్నాళ్ళు ఆపానంతే. అన్నయ్య డబ్బు పంపిస్తాడు. అమ్మని మరి ఎవరో ఒకరు చూసుకోవాలి కదా.” కొత్తగా కోడింగ్ చేసేవారు దీని పక్కన సాధారణంగా ‘ఉద్యోగం’, ‘ఆర్థిక సహాయం’, ‘కుటుంబ బాధ్యత’ అని రాస్తారు. ఈ కోడ్‌లు ఆమె దేని గురించి మాట్లాడిందో చెబుతాయి, ఏం చెప్పిందో చెప్పవు. అదే జవాబును క్రియల రూపంలో కోడ్ చేస్తే ‘ఉద్యోగం పోవడాన్ని తాత్కాలికంగా చూపడం’, ‘డబ్బు పంపడాన్ని అన్న వంతుగా లెక్కగట్టడం’, ‘చూసుకునే పనిని ఎవరి పేరూ లేకుండా చెప్పడం’ అని వస్తాయి. మూడో కోడ్ దగ్గర కాసేపు ఆగాలి. చూసుకుంటున్నది తానే అయినప్పుడు ‘ఎవరో ఒకరు’ అని ఎందుకు అన్నది? ఆ బాధ్యత ఆమె మీద పడాలని ఎవరు, ఎప్పుడు నిర్ణయించారన్నది జవాబులో ఎక్కడా లేదు. అసలు అలాంటి నిర్ణయం ఒకటి జరిగిందా, లేక ఎవరూ ఏమీ అనకుండానే ఆ పని ఆమె పాలిటికి వచ్చిందా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది, తర్వాతి ఇంటర్వ్యూలో అడగవలసినది కూడా అదే. సామాజిక శాస్త్రవేత్త కాథీ షార్మాజ్ క్రియలతో కోడ్ చేయమని అంతగా చెప్పడంలోని ప్రయోజనం నాకు ఇలాంటి చోట్లే కనిపిస్తుంది.

సమాచారం మొత్తం సేకరించాకే విశ్లేషణ మొదలుపెట్టాలన్న అలవాటును కూడా ఇందుకే వదులుకోవాలి. సామాజిక శాస్త్రవేత్తలు బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ 1960లలో ఆసుపత్రులలో మరణానికి చేరువైన రోగుల గురించి, వారి పరిస్థితి ఎవరికి ఎంతవరకు తెలుసు అన్న దాని గురించి పరిశోధిస్తూ తాము అనుసరించిన పద్ధతిని 1967లో గ్రౌండెడ్ థియరీ (సేకరించిన డేటా నుంచే సిద్ధాంతాన్ని నిర్మించడం) పేరుతో వివరించారు. సేకరణ, విశ్లేషణ పక్కపక్కనే నడవడం, ప్రతి కొత్త సంఘటననూ అంతకుముందు కోడ్ చేసిన వాటితో పోల్చి చూస్తూ ఉండడం అందులో ముఖ్యమైనవి. గ్రౌండెడ్ థియరీని పూర్తిగా పాటించనివారికి సైతం ఈ రెండూ పనికివస్తాయి.

థీమ్ విషయంలో అయోమయం ఇంకా ఎక్కువ. మనస్తత్వశాస్త్ర పరిశోధకులు వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో ఒక వ్యాసంలో, డేటా నుంచి థీమ్‌లను రూపొందించే పద్ధతి అయిన థిమాటిక్ అనాలిసిస్‌ను ఆరు దశలుగా వివరించినప్పటి నుంచి ఆ ఆరింటినీ వరుసగా ఎక్కవలసిన మెట్లలాగా పట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. నిజానికి ముందుకూ వెనక్కూ తిరుగుతూ చేసే పని అది. థీమ్‌లు డేటాలోంచి వాటంతట అవే బయటపడతాయన్న మాట పరిశోధకుడి పాత్రను దాచిపెడుతుందని కూడా వారు అదే వ్యాసంలో హెచ్చరించారు. ‘కుటుంబ బాధ్యత’ అన్నది ఒక విషయం మాత్రమే, దాని కింద ఏ వాక్యాన్నైనా చేర్చవచ్చు. ‘డబ్బు పంపేవారి వంతు అందరికీ కనిపిస్తుంది, దగ్గరుండి చూసుకునేవారి వంతు చర్చకే రాదు’ అన్నప్పుడు అది థీమ్ అవుతుంది, ఎందుకంటే దాన్ని ఎవరైనా కాదనవచ్చు, డేటాతో పరీక్షించవచ్చు.

ఆ పరీక్షను మనమే పెట్టాలి. మన థీమ్‌కు ఎదురుతిరిగే ఇంటర్వ్యూ కోసం పనిగట్టుకుని వెతకాలి. డబ్బు పంపడమే కాక సెలవు పెట్టి వచ్చి రాత్రుళ్ళు మేలుకున్న అన్న ఒకరు కనిపిస్తే అతన్ని మినహాయింపుగా పక్కన పెట్టడం సులువే గానీ, ఆ ఇంట్లో పని పంపకం గురించి మాట్లాడుకోవడం ఎలా సాధ్యమైందని అడిగితే థీమ్ మరింత కచ్చితంగా తయారవుతుంది. ఎన్‌వివో, అట్లాస్ వంటి సాఫ్ట్‌వేర్లు కోడ్ చేసిన భాగాలను వెతికి తీయడానికి ఎంతో ఉపయోగపడతాయి, అయితే ఈ ప్రశ్న మాత్రం చదువుతున్న మనిషే అడగాలి.

నేర్చుకునేవారికి నేను గట్టిగా చెప్పేది మెమోల గురించి, అంటే విశ్లేషణ చేస్తూ మనకోసం మనం రాసుకునే నోట్సు గురించి. ఒక కోడ్ ఎందుకు పెట్టామో, ఏది ఆశ్చర్యపరిచిందో, ఏ రెండు కోడ్‌లను ఎందుకు కలిపామో వెంటనే పూర్తి వాక్యాలలో రాసి తేదీ వేసుకోవాలి. ఒకే ట్రాన్స్‌క్రిప్టును ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి ఎదురెదురుగా కూర్చుని చూసుకోవడం మంచి సాధన. ఇద్దరి కోడ్‌లూ ఒకటి కావాలన్న నియమమేమీ లేదు. ఎక్కడ ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకుని, ఆ చర్చను కూడా మెమోగా రాసి పెట్టుకుంటే, నివేదిక రాసేటప్పుడు ఒక్కో వాదనకు ఆధారం ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు.