ఫ్రిజ్‌లో చలికాలం

ఇవాళ పొద్దున డాఫొడిల్ కుండీలను ఫ్రిజ్‌లోంచి బయటికి తీశాను. చలి దేశాల్లో గడ్డ నుంచి మొలిచి పసుపుగా పూసే మొక్క ఇది. బతుకమ్మ పండుగ అయిపోగానే లోపల పెట్టినవి, సంక్రాంతి ముందర తీస్తున్నాను. మొలకలు రెండంగుళాలు లేచాయి. వెలుతురు లేక పాలిపోయి ఉన్నాయి. కుండీ అడుగు రంధ్రంలోంచి వేర్లు కనబడుతున్నాయి, అంటే ఇక తీయొచ్చు.

అత్తమ్మ సంతోషం వేరే. ఆమె దోశపిండి గిన్నెకు పాత జాగా దొరికింది. ఆపిల్ పండ్లూ మళ్లీ లోపలికి పోయాయి. పండ్లు వదిలే ఇథిలీన్ అనే వాయువుతో గడ్డలోని మొగ్గ చెడిపోతుందని ఇన్నాళ్లు వాటిని బయటే ఉంచాను. "ఉల్లిగడ్డకు గింత సేవేంది బిడ్డా" అని ఆమె రోజూ అనేదే. చూడటానికి ఉల్లిగడ్డలాగే ఉంటుంది కూడా. అందుకే తెప్పించిన రోజే డబ్బా మీద 'కూరకు కాదు' అని పెద్దక్షరాలతో రాశాను. ఇందులో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులు.

పువ్వు గడ్డ లోపల ముందే తయారై ఉంటుంది. కానీ 12 నుంచి 16 వారాలు చలి తగలకపోతే కాడ సాగదు, మొగ్గ లోపలే మాడిపోతుంది. తొమ్మిది డిగ్రీలకు తక్కువ ఉండాలి. హన్మకొండలో జనవరి రాత్రి కూడా దానికి చాలదు, మనకేమో అదే వణుకు! పేపర్‌వైట్ అనే డాఫొడిల్ రకానికి ఈ బాధ లేదు, గులకరాళ్లు వేసి నీళ్లు పోసినా పూస్తుంది. కానీ అది తెలుపు. నాకు పసుపే కావాలి.

నిజానికి మా గోడ పక్కన ఉన్న మే నెల పువ్వు గడ్డదీ డాఫొడిల్ కుటుంబమే. చలికాలమంతా ఆకు కూడా లేకుండా ఎండిన మట్టిలో పడి ఉంటుంది. దానికి నీళ్లు పోసే పని కూడా లేదు. వరంగల్ ఎండలు ముదిరి మనం కూలర్ ముందు నుంచి లేవలేని రోజుల్లో ఎర్రగా పూస్తుంది. ఈ ఊరికి తగిన గడ్డ అదే. డాఫొడిల్‌ది అల్లుడి మర్యాద.

ప్రస్తుతానికి కుండీలను వంటింటి కిటికీ దగ్గర నీడలో పెట్టాను. ఆకు పచ్చబడ్డాక తూర్పు బాల్కనీకి మారుస్తాను, పొద్దుటి ఎండ చాలు. ఎంత చల్లగా ఉంటే పువ్వు అన్ని రోజులు నిలుస్తుంది. మేడ మీద పెట్టే ఆలోచనే లేదు, కోతులున్నాయి. గడ్డ విషమని వాటికి తెలిసేది పీకి కొరికాకే కదా. మూడు నాలుగు వారాల్లో పూయాలి. ఆ తర్వాత మన వేడికి ఈ గడ్డలు మళ్లీ పూస్తాయన్న ఆశ నాకు లేదు.

సాయంత్రం అత్తమ్మ కుండీలను చూసి, జడలో పెట్టుకోవచ్చా అని అడిగింది. ఆ రసం ఒంటికి తగిలితే కొందరికి దురద పుడుతుందని చెప్పాను.

"అయితే భద్రకాళి గుడికి తీస్కపోదాం."

ఉన్నవే నాలుగు కుండీలు. చూద్దాంలే అన్నాను.