పదో తరగతి అయినంక ఏ గ్రూపు?

హన్మకొండల 6వ తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నరు. ఐఐటీ సీటు కోసం రాసే జేఈఈ పరీక్షల అడిగేది ఇంటర్ రెండేండ్ల సిలబస్. 6వ తరగతి పిల్లకు కావాల్సింది భిన్నాలు, నిష్పత్తులు గట్టిగ రావుడు. అవి రాకముందే సూత్రాలు బట్టీ పట్టిస్తే, ఇంటర్ల లెక్క కొంచెం మలిపి అడగంగనే చెయ్యి ఆగిపోతది. అసొంటి పిల్లల మొఖాలు చూస్తే పాణం ఉసూరుమంటది.

గ్రూపు తేలకముందే కాలేజీకి అడ్వాన్సు కట్టకండి. కట్టినంక, పైసలు పోతయని ఇష్టం లేని గ్రూపులనే ఉంచుతరు. ఎండకాలం సెలవుల్ల ఫస్టియర్ ఫిజిక్స్, బోటనీ, ఎకనామిక్స్ పాత పుస్తకాలు తెచ్చి ఇంట్ల పెట్టండి. ఎవరూ చెప్పకుండ పిల్ల ఏది తెరుస్తున్నదో రెండు వారాలు చూడండి. మిషిన్ల మీద మనసుంటే పాలిటెక్నిక్ డిప్లొమాల చేరేటందుకు పాలిసెట్ పరీక్ష రాయించండి. 3 ఏండ్ల డిప్లొమా అయినంక ఈసెట్ పరీక్షతోని బీటెక్ రెండో సంవత్సరంలనే చేరొచ్చు.