ముందు గుడ్డలు దాచుకో

మొన్న పున్నమి రాత్రి ఉదయగిరి పక్కన మా మామ వాళ్ల చేలో గొర్రెల మంద దగ్గర పడుకున్నాం. మామవి జోడిపి గొర్రెలు. తెల్లటి ఒళ్లు, మూతి దగ్గర నల్లమచ్చలు, అందుకని వెన్నెల్లో ఒళ్లు మాత్రమే కనిపిస్తాయి, మూతులుండవు. ఫోన్‌లో సినిమా చూద్దామంటే సిగ్నల్ లేదు, ఇక నేనే కథ మొదలుపెట్టా.

మొదటి శతాబ్దంలో రోమ్‌లో పెట్రోనియస్ రాసిన కథ. ఇద్దరు రాత్రిపూట నడిచి పోతుంటారు, పట్టపగల్లాంటి వెన్నెల, సమాధుల దగ్గరకొచ్చాక అందులో ఒకడు, సైనికుడు, గుడ్డలన్నీ విప్పి పక్కన పెట్టి, వాటి చుట్టూ ఉచ్చపోసి తోడేలైపోతాడు. గుడ్డలేమో రాయైపోతాయి. రెండోవాడు పడుతూ లేస్తూ తనకు తెలిసినావిడ ఇంటికి చేరితే, ఇప్పుడే తోడేలొచ్చి గొర్రెల మీద పడింది, మా పనివాడు మెడలో బల్లెం దించాడు అంటుందావిడ. తెల్లారి చూస్తే సైనికుడు మంచంలో ఉన్నాడు, వైద్యుడు మెడకు కట్టు కడుతున్నాడు.

"ఎన్ని జీవాలు పోయినాయి?" అన్నాడు మామ.

కథలో లెక్క చెప్పలేదు. మామకి అక్కడే కథ మీద నమ్మకం పోయింది.

చిరంజీవి 'పున్నమి నాగు' (1980) చూసి పెరిగినవాళ్లం కదా, పున్నమి రాగానే మనిషి మారిపోతాడంటే మనకి వింతేం కాదు. కానీ ఆ రోమన్ కథలో వెన్నెల దారి కనపడ్డానికే, మారడానికి కాదు. అసలు 1941లో వచ్చిన 'ది వుల్ఫ్ మ్యాన్' అనే హాలీవుడ్ సినిమాలో కూడా, మనిషి తోడేలవడం గురించి చెప్పే పద్యంలో శరత్కాలపు చంద్రుడే ఉంటాడు, 1943లో దాని తర్వాతి సినిమాకి అది నిండు చంద్రుడిగా మారింది. రెంటికీ రచయిత కర్ట్ సియోడ్‌మాక్, హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలేసిన యూదుడు. తోడేలు మనిషికి, వాడు తర్వాత చంపబోయేవాళ్ల అరచేతిలో నక్షత్రం గుర్తు కనిపించడం కూడా ఆ మొదటి సినిమాలోదే, అది రాసిందెవరో తెలిశాక, నాజీలు యూదుల గుడ్డల మీద కుట్టించిన నక్షత్రం గుర్తొచ్చి, దాన్ని మామూలుగా చూడలేం.

పాత కథల్లో చంద్రుడికంటే గుడ్డల గొడవే ఎక్కువ. రోమన్ కవి ఓవిడ్ రాసిన లైకాన్ రాజు తోడేలయ్యేటప్పుడు ఒంటి మీద బట్టలే బొచ్చైపోతాయి. 12వ శతాబ్దంలో మారీ ద ఫ్రాన్స్ రాసిన 'బిస్‌క్లావ్రే' నాకు వీటన్నిటికంటే ఇష్టం: అందులో ఒకాయన గుడ్డలు విప్పి తోడేలవుతుంటాడు, భార్య తన ప్రియుడితో ఆ గుడ్డలు దొంగిలింపజేసింది కాబట్టి ఆయన తోడేలుగానే ఉండిపోతాడు. చివరికి గుడ్డలు తెచ్చి ముందు పెడితే కన్నెత్తి చూడడు. నలుగురిలో మారడానికి సిగ్గుపడుతున్నాడు, ఒంటరిగా గదిలో వదలండి అని పెద్దాయనొకడు చెప్తే గానీ వాళ్లకి తట్టదు.

1981లో 'యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్' సినిమా ఆ సిగ్గంతా తీసేసింది. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతుండగా అరచెయ్యి మన కళ్ల ముందే సాగుతుంది, వాడు నొప్పికి అరుస్తుంటాడు. ఆ మేకప్‌కి రిక్ బేకర్‌కి ఆస్కార్ వచ్చింది.

ఇదంతా చెప్తే మామ గొంగళి పైకి లాక్కుంటూ, "మళ్లా మనిషైనాక గుడ్డలు యాడియి వాడికి?" అన్నాడు.

లేవు మామా, లండన్ జూలో తోడేళ్ల బోనులో దిసమొలతో లేస్తాడు, ఒక పిల్లోడి దగ్గర బెలూన్లు లాక్కుని అడ్డం పెట్టుకుని, తర్వాత ఎవరో ఆడమనిషి కోటు దొంగిలించి ఇంటికి పోతాడు.

మామ నవ్విన నవ్వుకి మంద సగం లేచి నిలబడింది.