వేడెక్కాకే వచ్చే మిస్సింగ్

మా వ్యాన్ 1998 మోడల్. మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, గాలి పెట్రోలు కలిపే కార్బరేటర్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, అంతా పాత పద్ధతి. నంబర్ ప్లేటు ఇప్పటికీ ఓఆర్ అనే మొదలవుతుంది. ఒడిశా బళ్లకు 2012లో ఓడీ వచ్చింది, ఇది అంతకు ముందుది. పర్లాకిమిడిలో మాకు చిన్న బట్టల కొట్టు ఉంది. నాన్న ఈ బండి మీదే శ్రీకాకుళం నుంచి సరుకు తెచ్చేవారు. ఇప్పుడు నేను చీరలు, దుప్పట్ల మూటలు వేసుకుని ఆర్.ఉదయగిరి వైపు కొండ ఊళ్ల సంతలకు వెళ్తున్నాను. బండి కదిలితేనే ఆ వారం మాకు అమ్మకం.

కిందటి ఏడాది ఎండాకాలంలో మిస్సింగ్, అంటే ఇంజన్‌లో ఒక దెబ్బ తప్పడం, మొదలైంది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయ్యేది. ఊరు దాటేవరకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇరవై నిమిషాలు నడిచాక అసలు కథ. ఘాట్ ఎక్కుతూ సెకండ్ గేర్‌లో ఉండగా ఇంజన్ గుటక మింగినట్టు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకునేది. తిరిగొచ్చేటప్పుడు రైలు గేటు పడి బండి ఆపితే, ఐడ్లింగ్‌లో స్టీరింగ్ గజగజ వణికేది. సైలెన్సర్ చప్పుడులో మూడో దెబ్బ పడాల్సిన చోట ఖాళీ వినిపించేది. ఒకసారి ఘాట్ మలుపులో లోడుతో ఆగిపోయాను. వెనక రెండు లారీలు. ఆ రోజు చెమటలు పట్టాయి.

మా వీధి చివర షెడ్డులో తెలుగు, ఒడియా కలిపే మాట్లాడుకుంటారు. ప్లగ్గు, కాయిల్, పాయింట్ అన్న మాటలకు రెండు భాషల్లోనూ అవే పేర్లు. అక్కడ మొదట ప్లగ్గులు మార్చారు. వారం తర్వాత కార్బరేటర్ విప్పి జెట్లు కడిగారు. తర్వాత ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, చివరికి ప్లగ్గులన్నిటికీ కరెంటునిచ్చే కాయిల్. ఒక్కొక్కటి మార్చిన రోజు చల్లటి ఇంజన్ మీద స్టార్ట్ చేసి చూపించేవారు. నున్నగా నడిచేది. డబ్బులిచ్చి ఇంటికొచ్చేవాణ్ణి. మర్నాడు సంత దారిలో మళ్లీ అదే గుటక. ఇలా మూడు నెలల్లో ఏడు వేల పైచిలుకు పోయింది.

పెట్రోలు మీద కూడా అనుమానపడ్డాం. మా వైపు ధర తక్కువని సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వాళ్లు ఇటొచ్చి కొట్టించుకుంటారు. ఆ ధర తేడా నాణ్యతలో కూడా ఉందేమోనని నేను అటు వెళ్లి ఒకసారి ట్యాంకు నింపి చూశాను. ఏమీ మారలేదు. ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు వల్లే పాత బళ్లు ఇలా అవుతున్నాయని చాలామంది చెప్పారు. పాత రబ్బరు పైపుల మీద ఎథనాల్ ప్రభావం ఉంటుంది, అది నిజం. అందుకే పైపులు, ఫిల్టరు కొత్తవి వేయించాను. మంచిదే అయింది, కానీ మిస్సింగ్ పోలేదు. మూడు సిలిండర్లకూ అదే పెట్రోలు వెళ్తున్నప్పుడు ఒక్క దెబ్బే ఎందుకు తప్పుతోందన్న ప్రశ్న నాకు అప్పటికి తట్టలేదు.

అది తట్టింది ప్లగ్గులు విప్పి వరసగా గుమ్మం మీద పెట్టినప్పుడు. ఒకటో నంబరు, మూడో నంబరు ప్లగ్గుల కొసలు కాఫీ పొడి రంగులో ఉన్నాయి. రెండోది మాత్రం నల్లగా, మసి పట్టి, వేలితో తాకితే అంటుకునేలా ఉంది. కార్బరేటర్ ఒక్కటే, కాయిల్ ఒక్కటే. ఒకే కుళాయి నీళ్లు మూడిళ్లకూ వెళ్తుంటే, ఒక్క ఇంట్లోనే నీళ్లు మురికిగా వస్తే కుళాయిని కడిగి లాభం లేదు. ఆ ఇంటి గొట్టం చూడాలి. కార్బరేటర్‌లో పెట్రోలు ఎక్కువై ఉంటే మూడు ప్లగ్గులూ నల్లబడాలి కదా.

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. రెండో నంబరు ప్లగ్గును మూడోదాంట్లో, మూడోదాన్ని రెండోదాంట్లో బిగించి ఘాట్ వరకు వెళ్లొచ్చాను. వైర్లు కూడా అలాగే మార్చి చూశాను. ప్లగ్గులో లోపముంటే మిస్సింగ్ దానితోపాటు మూడో సిలిండర్‌కు వెళ్లాలి. వెళ్లలేదు. మసి మళ్లీ రెండులోనే పట్టింది. వేడి మీద ఐడ్లింగ్‌లో ఉంచి, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో ఒక్కో వైరు క్షణం పాటు లాగి పెట్టాను. ఒకటి లాగితే ఇంజన్ కుంగింది, మూడు లాగినా అంతే. రెండు లాగితే తేడా లేదు. అంటే రెండో సిలిండర్ అసలు పనే చేయడం లేదు.

షెడ్డులో చెబితే కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి నిలుస్తోందో చూశారు. 155, 150, 155. ఇంజన్ లోపల బాగానే ఉంది, మళ్లీ కార్బరేటరే చూడాలన్నారు. గాలి లోపలికి, పొగ బయటికి వెళ్లే వాల్వ్‌లను తెరిచే టాపెట్ల సంగతి అడిగాను. సౌండ్ ఏమీ లేదు కదా, బాగున్నాయి అన్నారు. కంప్రెషన్ చూసింది పొద్దున్న ఎనిమిదింటికి, రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద. ఆ తేడా అప్పుడు నాకూ తెలియలేదు.

పాతపట్నంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఇప్పుడు షెడ్డు నడపడం లేదు, ఇంటి ముందు వేపచెట్టు కింద ఎవరైనా వస్తే చూస్తారు. నాన్నకు పాత పరిచయం, నేను బాబాయ్ అంటాను. ఆయన బానెట్ ఎత్తలేదు. "వేడెక్కాకే వస్తోందంటున్నావు, మరి వేడి మీద ఎవరైనా చూశారా బాబూ?" అని అడిగారు. లేదన్నాను. "అయితే అరగంట తిప్పుకుని రా. ఇంజన్ ఆపకు."

తిరిగొచ్చాక నా జేబులోంచి ఒక బిల్లు కాగితం తీసుకుని సైలెన్సర్ గొట్టం ముందు పట్టుకున్నారు. పొగ తోపుకు కాగితం బయటికి రెపరెపలాడుతోంది. "చూస్తూ ఉండు" అన్నారు. నాలుగైదు దెబ్బలకోసారి కాగితం అంచు టపీమని వెనక్కి, గొట్టం వైపు లాక్కుపోతోంది. నేను వంగి దగ్గరగా చూశాను. నిజంగానే లోపలికి పీలుస్తోంది. సైలెన్సర్ వదలాలి గానీ పీల్చకూడదు. పిస్టన్ కిందికి దిగుతూ గాలి పెట్రోలు లాక్కునే వేళ పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే, ఆ సందులోంచి సైలెన్సర్ వైపు గాలిని కూడా లాక్కుంటుంది.

వెంటనే, వేడి తగ్గకముందే ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్ వైరు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి గేజ్ పెట్టించారు. 160, 95, 158. నోటుబుక్కులో రాస్తుంటే నా చెయ్యి వణికింది. మూడు నెలలుగా వెతుకుతున్నది ఆ 95. రెండో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశారు. 98. పిస్టన్ రింగులు అరిగుంటే ఆయిల్ ఆ సందు మూసి రీడింగ్ బాగా పెరిగేది. పెరగలేదు కాబట్టి వాల్వే. ఇంజన్ పై భాగమైన హెడ్ కింది గ్యాస్కెట్ పోయిందేమోనని రేడియేటర్‌లో బుడగలు కూడా చూశారు, లేవు.

చల్లారాక వాల్వ్ కవర్ తీసి, పల్చటి రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టారు. రెండో ఎగ్జాస్ట్ టాపెట్ కింద అన్నిటికన్నా పల్చటి రేకు కూడా దూరలేదు. గ్యాప్ లేనే లేదు. వాల్వ్ వేడికి సాగుతుంది, ఆ సాగుదల కోసమే చల్లగా ఉన్నప్పుడు కొంచెం ఖాళీ వదులుతారు. వాల్వ్ కూర్చునే సీటు అరిగితే వాల్వ్ ఆ హెడ్‌లోకి లోతుగా దిగిపోతుంది, దాని కాడ పైకి వస్తుంది, ఖాళీ పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో మూసుకుంటుంది. వేడెక్కగానే కాడ సాగి వాల్వ్‌ను సన్నగా తెరిచి పట్టుకుంటుంది. టాపెట్ చప్పుడు లేకపోవడాన్ని మేమంతా మంచి గుర్తు అనుకున్నాం. ఆ నిశ్శబ్దమే లోపానికి గుర్తు.

మధ్యలో కొన్నేళ్లు ఈ బండిని గ్యాస్ కిట్ మీద నడిపాం. గ్యాస్ మీద నడిచే పాత ఇంజన్లలో వాల్వ్ సీట్ల అరుగుదల ఎక్కువ. మా బండిలో అదే అయ్యుంటుందని బాబాయ్ అన్నారు. నాకూ అదే నిజమనిపిస్తోంది.

గ్యాప్ సరిచేశాక తొమ్మిది రోజులు బండి బంగారంలా నడిచింది. పదో రోజు ఘాట్‌లో మళ్లీ గుటక. విప్పి చూస్తే గ్యాప్ మళ్లీ మూసుకుపోయింది. ఇక హెడ్ దించక తప్పలేదు. నాన్న మొదట వద్దన్నారు. "హెడ్ దించితే బండి పాత బండి కాదురా" అని బెంగ. ఆయన్ని పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ దించాం.

హెడ్ తిరగేసి గదుల్లో కిరసనాయిలు పోశారు. ఒకటి, మూడు నిలిచాయి. రెండో దాంట్లోంచి ఎగ్జాస్ట్ రంధ్రం వైపు చుక్క చుక్కగా కారింది. ఆ వాల్వ్ బయటికి తీసి నా అరచేతిలో పెట్టారు. అంచు చుట్టూ ఉండాల్సిన బూడిద రంగు పట్టీ ఒకచోట తెగిపోయి, గోరుతో కొరికినట్టు చిన్న చంద్రవంక ఆకారంలో కాలి ఉంది. అన్ని పార్టులు మార్చింది ఈ గోరంత చోటు కోసమే.

శ్రీకాకుళంలో హెడ్ వర్క్ చేసే లేత్ షాపులో రెండో ఎగ్జాస్ట్‌కు కొత్త సీటు, కొత్త వాల్వ్ వేయించాను. మిగతా వాల్వ్‌లకు పేస్టుతో గ్రైండింగ్ చేశారు. ఎలాగూ విప్పాం కాబట్టి టైమింగ్ బెల్ట్, హెడ్ గ్యాస్కెట్ కొత్తవి. బోల్టులు మధ్య నుంచి అంచులకు, టార్క్ రెంచ్‌తో విడతలుగా బిగించారు. బిగించే ముందు మళ్లీ కిరసనాయిలు పోసి పావుగంట ఆగాం. చుక్క కారలేదు.

500 కిలోమీటర్లు తిరిగాక టాపెట్లు చూడమని బాబాయ్ చెప్పారు. ఈసారి ఫీలర్ గేజ్ నా చేతికే ఇచ్చారు. రేకు కొంచెం పట్టుకుంటూ, కొంచెం జారుతూ వెళ్లింది. అదే గ్యాప్. ఒకటి, మూడు ఎగ్జాస్ట్ సీట్లు కూడా పాతవే కాబట్టి దసరాకు ముందు ఒకసారి చూడాలని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ వారం సంతకు నాన్న కూడా వచ్చారు. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ అద్దం దించి, తల బయటికి పెట్టి చప్పుడు వింటూ కూర్చున్నారు.