డ్రైవర్ పట్టికలో ఒక్క వరుస

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మా తమ్ముడు కొన్న యూఎస్‌బీ లాన్ అడాప్టర్ లైనక్స్‌లో పెట్టగానే పనిచేసింది. అయినా దానికోసం నేను లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ సోర్స్ కోడ్ తెరవడం చూసి, "నెట్ వస్తనే ఉంది గదన్నా, ఇంకా డ్రైవర్‌తోని ఏం పని?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే.

అందులో ఉన్నది రియల్‌టెక్ ఆర్‌టీఎల్8153 చిప్. దానికి రెండు యూఎస్‌బీ కాన్ఫిగరేషన్లు, అంటే కంప్యూటర్‌తో మాట్లాడే రెండు తీరులు ఉంటాయి: మొదటిది రియల్‌టెక్ సొంత పద్ధతి, రెండోది సీడీసీ ఈథర్నెట్ అనే ప్రామాణిక పద్ధతి. పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. ఈ చిప్‌ల కోసమే రాసిన ఆర్8152 డ్రైవర్, తన పట్టికలో ఉన్న తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్యల జంటలను మాత్రమే గుర్తిస్తుంది. రియల్‌టెక్ సొంత జంట 0బీడీఏ:8153 అందులో ఎప్పటి నుంచో ఉన్నప్పటికీ, లెనోవో, టీపీ-లింక్ వంటి సంస్థలు అవే చిప్‌లను తమ సంఖ్యలతో అమ్ముతాయి కనుక వాటిని విడివిడిగా చేర్చవలసి వచ్చింది. మా తమ్ముడి అడాప్టర్‌లా పట్టికలో లేనిదాన్ని, ఆ ప్రామాణిక పద్ధతికి ఉద్దేశించిన సీడీసీ ఈథర్ డ్రైవర్ తీసుకుంటుంది. అప్పుడు నెట్ వస్తుంది గానీ, వేక్-ఆన్-లాన్ (నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్‌ను నిద్రలేపడం), టీసీపీ డేటాను ముక్కలు చేసే పనిని చిప్‌కే అప్పగించడం, ఈథ్‌టూల్ అనే ఆదేశంతో లింక్ వేగాన్ని మార్చడం వంటివి అందవు.

చేర్చవలసింది ఒక్క వరుసే కనుక ఇది చిల్లర పని అనుకునేవారితో నేను ఏకీభవించను. ఆ వరుస ద్వారా మనం ఫలానా సంఖ్య గల ప్రతి పరికరంలోనూ ఫలానా చిప్ ఉందని లోకమంతటికీ హామీ ఇస్తున్నాం. అదృష్టవశాత్తూ ఆర్8152 ఆ హామీని గుడ్డిగా నమ్మదు: పరికరం చేతికి వచ్చాక చిప్‌లోని ఒక రిజిస్టర్‌ను (చిన్న మెమరీ గడిని) చదివి, వెర్షన్ తనకు తెలిసినదైతేనే ముందుకు సాగుతుంది, లేకపోతే వదిలేస్తుంది. కాబట్టి సంఖ్య తలుపు దాకా తీసుకెళ్తుంది, అంతే.

వరుస చేర్చే ముందు అడాప్టర్ ఆర్8152తో సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షించాలి. ఈ పరీక్షకు కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయనక్కరలేదు. కెర్నెల్ అమరికలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆర్8152 కింద ఉండే న్యూ-ఐడీ ఫైల్‌లో కొత్త జంటను రాసి, పరికరాన్ని మొదటి కాన్ఫిగరేషన్‌కు మారిస్తే డ్రైవర్ దాన్ని అందుకుంటుంది. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో వెర్షన్ గురించి ఫిర్యాదు లేకపోవడం, నెట్ వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్‌తో రెండు దిశలలోనూ డేటా నిలకడగా పారడం, సిస్టమ్‌ను నిద్రపుచ్చి లేపాక లింక్ తిరిగి రావడం చూశాకే ప్యాచ్ (కోడ్‌లో చేయదలచిన మార్పు) రాయాలి. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. యూఎస్‌బీ నెట్‌వర్క్ పరికరాలు మొండికేసేది ఎక్కువగా అక్కడే.

ప్యాచ్ కన్నా దాని వివరణ రాయడానికే ఎక్కువ సమయం పట్టింది. ఏ పరికరం, ఏ చిప్, ఇప్పుడు ఏ డ్రైవర్‌కు వెళ్తోంది, మారితే ఏమి లభిస్తుంది అన్నవన్నీ అందులో ఉండాలి. చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్‌తో సరిచూసి, ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ అనే మరో స్క్రిప్ట్ చెప్పినట్టు, ఈ కోడ్ పంపే హక్కు నాకుందని తెలిపే సైన్డ్-ఆఫ్-బై వరుసతో సాదా పాఠంగా ఈమెయిల్ చేశాను. కొత్త సౌకర్యాలను సాధారణంగా తీసుకోని స్టేబుల్ (ఇప్పటికే విడుదలైన) కెర్నెళ్ల నియమాలు కూడా పరికర సంఖ్యల చేర్పును ప్రత్యేకంగా అనుమతిస్తాయి. నా ప్యాచ్ కెర్నెల్‌లో చేరేదాకా, తమ్ముడి ల్యాప్‌టాప్‌లో పరికరం పెట్టగానే అదే న్యూ-ఐడీ పనిని దానంతటదే చేసే ఒక యూడెవ్ నియమం పెట్టాను.