డోరన్స్ కట్టిన జట్టు

చాపెల్ హిల్‌లోని డోరన్స్ ఫీల్డ్‌లో మా అమ్మాయితో కలిసి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ మహిళల సాకర్ మ్యాచ్ చూసినప్పటి నుంచి, ఆ మైదానానికి ఎవరి పేరు పెట్టారో ఆ మాజీ కోచ్ ఆన్సన్ డోరన్స్ గురించే ఆలోచిస్తున్నాను. 1979లో ఆయన చేతుల మీదుగా ఈ జట్టు మొదలైనప్పుడు మహిళల సాకర్‌కు ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాలల క్రీడా సంఘం) పోటీలే లేవు. అవి 1982లో వచ్చాయి. 2024 ఆగస్టులో పదవీ విరమణ చేసేనాటికి ఆయన ఖాతాలో 21 ఎన్‌సీఏఏ టైటిళ్లున్నాయి, అందులో 1986 నుంచి 1994 దాకా వరుసగా వచ్చినవే తొమ్మిది.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆయన సాధన పద్ధతి. అదే విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ప్రాక్టీసులో ప్రతిదానికీ లెక్క రాయించడం చూసి, డోరన్స్ కూడా ప్రతి కసరత్తులో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో నమోదు చేయించి, ఆ ర్యాంకులను అందరికీ కనబడేలా పెట్టించేవారు. స్నేహితురాలిని ఓడించడానికి మొహమాటపడనక్కరలేదని అమ్మాయిలకు నేర్పిన ఆ వాతావరణంలోనే మియా హామ్, క్రిస్టీన్ లిల్లీ వంటి అమెరికా సాకర్ తారలు రాటుదేలారు. 1991లో చైనాలో తొలి మహిళల ప్రపంచ కప్ గెలిచిన అమెరికా జట్టుకూ ఆయనే కోచ్.

అయితే 1998లో ఇద్దరు మాజీ క్రీడాకారిణులు ఆయనపై లైంగిక వేధింపుల దావా వేశారు. అది 2008లో రాజీతో, ఆయన క్షమాపణతో ముగిసింది. కప్పుల సంఖ్య చూసి దీన్ని పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఆయన తప్పుకున్న ఏడాదే, డేమన్ నహాస్ నేతృత్వంలో నార్త్ కరోలినా జట్టు మళ్లీ జాతీయ టైటిల్ గెలిచింది.