హాల్లో ఫోటో

ఏప్రిల్లో ఓ ఆదివారం పొద్దున హాల్లో గోడ మీద ఫోటో కనపడలేదు. వెతికితే షూ ర్యాక్ మీద బోర్లా పెట్టి ఉంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు అమెరికాలో మిషిగన్ పక్కనున్న సెయింట్ క్లెయిర్ సరస్సులో తీసిన ఫోటో అది. రెండు చేతుల్లో నాలుగు పౌండ్ల స్మాల్‌మౌత్ బాస్ చేప, ముఖం నిండా నవ్వు. అదే ఫోటో ఊళ్ళో మా అమ్మ టీవీ పక్కన కూడా ఉంది. ఎందుకు తీశావమ్మా అని అడిగాను.

"అది మే నెలలో పట్టాం కదా నాన్నా. అప్పుడు ఆ చేప గుడ్లకి కాపలా ఉండాలి. మనం ఫోటో తీసుకుంటున్నంతసేపూ వాటిని ఎవరు చూశారు?"

నాకు కోపం వచ్చింది. తను అన్నది తప్పు కాబట్టి కాదు. నాలుగేళ్ళుగా వసంతం వస్తే చాలు, ప్రతి శనివారం చీకటితోనే లేపి తీసుకెళ్తున్నాను. తనకి నేనిచ్చినవాటిలో మంచిదేదంటే అదేనని నమ్ముకున్నాను. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల, పడవెక్కితే మాత్రం తెలుగులో మాట్లాడుతుంది. గాలం, ఎర, బెండు అనే మాటలు అక్కడే నేర్చుకుంది. ఆ ఫోటో బోర్లా కనపడగానే ఇదంతా బోర్లా పడ్డట్టయింది నాకు.

ఈ చేప సంగతి కొంచెం చెప్పాలి. సెయింట్ క్లెయిర్ చూడటానికి సముద్రంలా ఉన్నా సగటు లోతు 11 అడుగులే. మంచు కరిగి నీళ్ళు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేసరికి, చలికాలమంతా లోతులో మందకొడిగా ఉన్న బాస్ మెల్లగా ఒడ్డు వైపు కదులుతుంది. అప్పుడు లోతు మారే అంచుల్లో వెతకాలి. జెర్క్‌బెయిట్ అనే చేప ఆకారపు ఎరని లాగి, ఆపి, ఇక చాలనిపించినా ఇంకో ఐదు సెకన్లు ఆగాలి. 55 వచ్చేసరికి చేపలు ఇసుక, గులకరాళ్ళు కలిసిన మెరక మీదికి వస్తాయి. ట్యూబ్ అనే ఆకుపచ్చటి మెత్తని ప్లాస్టిక్ ఎరని అడుగున పాకిస్తే దాన్ని నత్తగుల్లల మధ్య తిరిగే గోబీ అనే చిన్న చేప అనుకుని అందుకుంటాయి. నా మట్టుకు నాకు ఏడాది మొత్తంలో ఆ రెండు వారాలే పండగ.

60 దాటితే కథ మారిపోతుంది. మగచేప తోకతో రాళ్ళు ఊడ్చి గుండ్రంగా గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత గుడ్లు పగిలి పిల్లలు ఈదేదాకా కాపలా అంతా తండ్రిదే. ఆ రోజుల్లో అది సరిగ్గా తిననైనా తినదు. దగ్గరికొచ్చిన దేన్నయినా కరిచి తరిమేస్తుంది. పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుంటే పడవలోంచే గూడు కనపడుతుంది. ట్యూబ్‌ని అందులో వేస్తే చాలు. చిన్నపిల్లల చేత పెద్ద చేపని పట్టించడానికి అంతకంటే సులువైన దారి లేదు. ఫోటోలో ఉన్నది అలా పట్టిన చేపే. దాన్ని నీళ్ళలోంచి తీసిన నిమిషాల్లోనే గోబీలు గుడ్ల మీద పడతాయి.

చట్టం నా వైపే ఉంది. ఆ సరస్సులో మిషిగన్ వైపు జూన్ మూడో శనివారం దాకా బాస్‌ని ఇంటికి తెచ్చుకోకూడదు గానీ, పట్టి వెంటనే వదిలేయొచ్చు. లైసెన్సు 17 ఏళ్ళు నిండినవాళ్ళకే కావాలి, అది నాకుంది. ఇదంతా మా అమ్మాయికి వివరంగా చెప్పాను. విని, "సరే, కానీ నేను వెయ్యను" అంది. మే మధ్యలో వెళ్ళినప్పుడు కూడా అదే మాట. గూడు చూపించాను. గాలం పక్కన పెట్టి, పడవ అంచున గడ్డం ఆనించి, ఆ చేప చుట్టూ తిరగడాన్ని అరగంట చూసింది. ఎండ పడ్డప్పుడు దాని ఎర్రటి కన్ను కనపడితే నా చెయ్యి గిల్లి చూపించింది. తనతో అంత మంచి అరగంట ఈ మధ్య నాకు గుర్తు లేదు. అయినా లోపల ఏదో తీరనట్టే ఉంది.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేస్తే విషయం బయటికొచ్చింది. "పులుసు పెట్టుకోని చేపని పట్టడమెందుకురా, పాపం" అని అమ్మ మొదటినుంచీ అనేదే. ఈసారి మనవరాలికి ఇంకొకటి కూడా చెప్పింది. "మీ నాన్న నీ వయసులో కొరమీను పిల్లల గుంపు కనపడితే చాలు, కప్పని గుచ్చి వేసేవాడు."

నిజమే. కైకలూరు దగ్గర మా ఊరి కాలవలో కొరమీను పిల్లలు ఎర్రగా ఒక్క గుంపుగా నీళ్ళ మీద మెరిసేవి. తల్లో తండ్రో కిందే ఉంటుందని మాకు తెలుసు. గాలానికి చిన్న కప్పని గుచ్చి ఆ గుంపు మధ్యలో ఆడిస్తే, పిల్లల మీదికేదో వచ్చిందని పెద్ద చేప ఎగిరి పట్టేది. సెయింట్ క్లెయిర్‌లో నేను నా కూతురికి నేర్పింది సరిగ్గా అదే. ఇన్నేళ్ళూ ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. మా ఇంట్లో ఆ చేప కూరయ్యేది, అంతే తేడా. ఆ తేడా చిన్నదేమీ కాదని అమ్మ అంటుంది. నేనూ అలాగే అనుకోవాలని చూస్తున్నాను.

"మరి ఆ పిల్లలు ఏమయ్యాయి నాన్నా?" అని అడిగింది. పెద్ద చేపని తాడుకి గుచ్చుకుని ఇంటికి పరిగెత్తేవాణ్ణి. ఏనాడూ వెనక్కి వెళ్ళి చూడలేదు. అదే చెప్పాను.

మన అలవాట్లు పిల్లలకి అందించండి, వాళ్ళతో గడపడానికి ఒక పని వెతుక్కోండి అని కొత్తగా వచ్చిన స్నేహితులకి చెప్తూ ఉంటాను. ఇప్పుడైతే ఏం చెప్పాలో తెలియడం లేదు. అందించినదాన్ని తను పట్టి చూసి, సగం ఉంచుకుని సగం తిరిగిచ్చింది. ఆ తిరిగిచ్చిన సగం మీద నాకింకా మమకారం చావలేదు.

ఎందుకంటే, మరుసటి బుధవారం ఆఫీసు నుంచి త్వరగా బయటపడి ఒక్కణ్ణే సరస్సుకి వెళ్ళాను. నీళ్ళు 62. అదే గూడు, అదే చేప. ట్యూబ్ వేశాను. రెండోసారికే కరిచింది. ఐదు పౌండ్లు ఉంటుందేమో, మూడుసార్లు గాల్లోకి లేచింది. ఫోటో తీయలేదు, తూచలేదు, పడవ పక్కనే కొక్కెం తీసి వదిలాను. గూటి వైపే వెళ్ళింది. చేరిందో లేదో అలల్లో కనపడలేదు. ఎంతసేపు పట్టిందో నేను లెక్కపెట్టలేదని తర్వాత గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. ఎక్కడికెళ్ళావు నాన్నా అంటే ట్రాఫిక్ అన్నాను.

జూన్ మూడో శనివారానికి తనే కేలెండర్లో గుర్తు పెట్టింది. అప్పటికి పిల్లలు గూడు వదిలి పోతాయట, లోతు నీళ్ళలో వేద్దామంది. ఈలోగా ఆ బుధవారం సంగతి చెప్పాలి. పడవలో చెప్పడమా, ఎక్కకముందే చెప్పడమా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఫోటో షూ ర్యాక్ మీదే ఉంది.